మిగిలిన పనెటోనేతో పండుగ బ్రంచ్

డిసెంబరు వచ్చిందంటే అమెరికా దుకాణాల్లో ఎత్తైన అట్టపెట్టెల నిండా పనెటోనే కనిపిస్తుంది. ఇది ఇటలీలోని మిలాన్ నగరపు క్రిస్మస్ తీపి రొట్టె. ఎవరో కానుకగా ఇస్తారు. రెండు ముక్కలు తిన్నాక మిగతాది ఎండిపోతుంది. పారేయకండి! మిలాన్ వాసులు దాచుకున్న ముక్కను ఫిబ్రవరి 3న, శాన్ బియాజో పండుగనాడు తింటారు. పైగా, ఎండిన రొట్టె పాలను బాగా పీల్చుకుంటుంది, తాజాదైతే ముద్దయిపోతుంది.

అరకిలో పనెటోనేను అంగుళం మందాన కోసి, వెన్న రాసిన 9x13 అంగుళాల బేకింగ్ పాత్రలో పరవండి. 6 గుడ్లు, రెండున్నర కప్పుల పాలు, అరకప్పు క్రీము, చిటికెడు ఉప్పు, కాస్త నారింజ తొక్క తురుము గిలక్కొట్టి పైన పోయండి. రొట్టెలోనే తీపి ఉంది కనుక పంచదార 2 చెంచాలు చాలు. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉదయం ఓవెన్‌ను 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడిచేసి, పైభాగం మాడకుండా ఫాయిల్ కప్పి 25 నిమిషాలు, తీసేసి మరో 20 నిమిషాలు బేక్ చేయండి. మధ్యలో గుచ్చిన చాకుకు తడి అంటకపోతే అయినట్టే.

మన డబల్ కా మీఠాలో రొట్టెను వేయించి పాకంలో నానబెడతాం. ఇక్కడ పాకం లేదు. గట్టిపడిన గుడ్డే పాలను పట్టి ఉంచుతుంది.

మీ అతిథుల్లో గుడ్డు ముట్టనివారుంటే ముందే చెప్పండి. గుడ్లు మానేసి చేసినా సరిపోదు, రొట్టెలోనే గుడ్డు ఉంటుంది. ఇటలీ 2005లో చేసిన నిబంధన ప్రకారం పనెటోనే అనే పేరు పెట్టాలంటే కనీసం 16 శాతం వెన్న, 4 శాతం పచ్చసొన ఉండి తీరాలి.