రూపాయి బలహీనపడితే విదేశీ యాత్ర ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

రూపాయి బలహీనపడిందంటే, ఒక డాలరు కొనడానికి మునుపటి కంటే ఎక్కువ రూపాయలు పెట్టాలని అర్థం. 2011 మొదట్లో డాలరు విలువ సుమారు 45 రూపాయలు. 2022 చివరికి 83 దాకా పెరిగింది. అమెరికాలో 100 డాలర్ల హోటల్ గది అద్దె అసలు పెరగలేదనుకున్నా, హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి అది 4,500 నుంచి 8,300 రూపాయలైంది.

భారం విమానం ఎక్కకముందే మొదలవుతుంది. అమెరికా పర్యాటక వీసా దరఖాస్తు రుసుము 2023లో 185 డాలర్లయింది. డాలరు 75 రూపాయలుంటే అది 13,875. 85 అయితే 15,725. విమాన ఇంధనం ధర, విమానాల అద్దెలు కూడా డాలరుతో ముడిపడినవే కాబట్టి టికెట్టూ ప్రియమవుతుంది. కార్డుతో చెల్లిస్తే బ్యాంకు వేసే రుసుము ఆ పెరిగిన మొత్తం మీదే పడుతుంది.

దుబాయ్ వెళ్లినా తప్పించుకోలేం. అక్కడి దిర్హామ్ విలువను 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. డాలరు పెరిగితే దిర్హామూ పెరిగినట్టే.

అయితే అన్ని దేశాల సంగతీ ఒకటి కాదు. జపాన్ యెన్ రూపాయి కంటే వేగంగా పడింది. 2021 మొదట్లో 100 యెన్లకు సుమారు 70 రూపాయలు పెట్టాల్సి వచ్చేది. 2024 మధ్యలో 52 సరిపోయాయి. అంటే చూడాల్సింది డాలరు రేటు కాదు, వెళ్లే దేశపు కరెన్సీ రేటు. నేపాల్‌కైతే ఆ చూపూ అక్కర్లేదు: 1993 నుంచి మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు.