ఉచిత బస్సుకు అసలు ఖర్చెంత?

డిగ్రీ ఎకనామిక్స్‌లో మొదట్లోనే వచ్చే పాఠం అవకాశ వ్యయం. ఒకటి ఎంచుకున్నందుకు వదులుకోవాల్సి వచ్చిన వాటిలో మేలైనదాని విలువే అది. నిర్వచనం అందరూ అప్పజెబుతారు. లెక్క దగ్గరే తడబడతారు.

199 మందిలో 21.6 శాతం

2005లో అమెరికా ఆర్థికవేత్తల వార్షిక సదస్సులో 199 మందిని పరిశోధకులు పాల్ ఫెరారో, లారా టేలర్ ఒక ప్రశ్న అడిగారు. ఎరిక్ క్లాప్టన్ కచేరీకి మీకు ఉచిత టికెట్ దొరికింది, దాన్ని అమ్ముకోలేరు. అదే రాత్రి బాబ్ డిలాన్ కచేరీ, టికెట్ 40 డాలర్లు. డిలాన్ కోసం మీరు 50 డాలర్ల దాకా పెడతారు. మరి క్లాప్టన్ కచేరీకి వెళ్తే అవకాశ వ్యయం ఎంత: 0, 10, 40, 50?

జవాబు 10. 50 డాలర్ల ఆనందం పోతుంది, 40 జేబులో మిగులుతుంది. గుడ్డిగా టిక్ పెట్టినా 25 శాతం మందికి కుదరాలి. కుదిరింది 21.6 శాతానికే. ఇదే ప్రశ్నకు విద్యార్థుల్లో ఎకనామిక్స్ చదివినవారిలో 7.4 శాతం, చదవనివారిలో 17.2 శాతం సరిగ్గా చెప్పారు. ప్రశ్న కూర్పుపై తర్వాత వాదనలు నడిచినా, బోధనకు అది గట్టి హెచ్చరికే.

హఫీజ్‌పేట్ లెక్క

ఇదే పాఠాన్ని మన దారిలో చెప్పవచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్ 5 రూపాయలు. హఫీజ్‌పేట్ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ.

ఈ రెండింటి మధ్య తిరిగే ఒక విద్యార్థినికి ఎదురుచూపుతో కలిపి బస్సుకు 50 నిమిషాలు, రైలుకు 26 నిమిషాలు పడతాయనుకుందాం. ట్యూషన్ చెబితే గంటకు 150 రూపాయలు వస్తాయనుకుందాం. బస్సెక్కితే పోయేది 24 నిమిషాలు, అంటే 60 రూపాయలు. మిగిలేది రైలు టికెట్ 5. ఉచిత ప్రయాణానికి నికర ఖర్చు 55 రూపాయలు.

ఇప్పుడు తరగతిలో చర్చ మొదలవ్వాలి. ఆ 24 నిమిషాలకు ట్యూషనే దొరకకపోతే? బస్సులో సీటు దొరికి చదువుకోగలిగితే? రైలు తప్పిపోయి ఇంకో 40 నిమిషాలు ఆగాల్సి వస్తే? ఒక్కో ప్రశ్నకు జవాబు మారుతుంది. ఎందుకు మారిందో చెప్పగలిగిన రోజే పాఠం వచ్చినట్టు.

అందుకే నిర్వచనానికి ఇచ్చే మార్కుల్లో సగమైనా ఇలాంటి లెక్కలకు ఇవ్వాలి. పరీక్షలో ఏది అడిగితే పిల్లలు దానికే సిద్ధపడతారు.