పేరు ఒకటే.. పార్టులు వేరు!

పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారుకి ఇంకో ఏడాది మోడల్ పార్టులు బిగిస్తే సరిపోతుందా? అన్నీ సరిపోవు.

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో ఈ కారు తయారైంది. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్ తీసేసి నల్ల రబ్బరు బంపర్ పెట్టారు. కారు ఎత్తు కూడా సుమారు అంగుళం పెంచారు. దాంతో ముందు సస్పెన్షన్‌ని మోసే క్రాస్‌మెంబర్, వెనక కమాన్ పట్టీలు మారిపోయాయి.

ఇంజిన్ మౌంటింగులూ మారాయి. అందుకే క్రోమ్ బంపర్ కారు ఇంజిన్‌ని రబ్బరు బంపర్ బాడీలో కూర్చోబెట్టాలంటే ఇంజిన్ ముందు ప్లేటు కూడా మార్చాలి.

ఎత్తు తగ్గిద్దామని పాత క్రాస్‌మెంబర్ వేస్తున్నారా? స్టీరింగ్ ర్యాక్, కాలమ్ తిన్నగా కలుస్తున్నాయో లేదో ముందు చూసుకోండి. బలవంతంగా బిగిస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

చవగ్గా దొరికిందని ఒక్క పార్టే కొనేయకండి. ఏ ఏడాది కారుదో అడిగి, దానికి జతయ్యేవన్నీ కలిపి కొనండి.