పాపికొండల నౌకావిహారము

శని, ఆదివారములు కలసివచ్చినపుడు పొయ్యికిని, బడిగంటకును సెలవిచ్చి, ఉపాధ్యాయకుటుంబములవారము పదియిండ్లవారము కూడి యేదో యొక నీటియొడ్డునకు బోవుట మాలో నొక వాడుక. దీనికి మావారు వేడుకగా ‘నౌకావిహారసంఘ’ మని పేరిడిరి. ఈ సంఘమునకు నియమావళి లేదు, చందాపుస్తకము లేదు. పులిహోర యెవరు తేవలయును, పెరుగన్న మెవరు తేవలయును అను తీర్మాన మొక్కటియే దాని కార్యక్రమము. ఈ సంఘముతో నేను గోదావరిపై రెండుమాఱులు పాపికొండలకు బోయితిని. మొదటిమాఱు 2016 కార్తికమున, రెండవమాఱు గడచిన మార్గశిరమున. ఆ రెంటి నడుమ నా బుద్ధిలో గలిగిన మార్పును సోదరీమణులకు చెప్పవలెనని యిది వ్రాయుచున్నాను.

మొదటిమాఱు పట్టిసమునకు ఎదుటిగట్టుననున్న పురుషోత్తపట్నపు రేవున లాంచీ నెక్కితిమి. నడియేటి కొండపై వీరభద్రస్వామి కోవెల మంచులో దేలుచున్నట్లుండెను. రాజమహేంద్రవరముకడ ఈ నదిపై 1900లో గట్టిన పాతవంతెన పొడవు రమారమి 2.7 కిలోమీటర్లు. అంత వెడల్పైన గోదావరి యెగువకు బోయినకొలది ఒదిగి యొదిగి, కొండలనడుమ కొన్నివందల మీటర్ల సన్నని పాయ యగును. ఇరువైపుల నల్లని యడవులు, నడుమ తెల్లని నీటిదారి. నున్నగా దువ్విన తల నడుమ దీసిన పాపిడివలె నున్నది గనుకనే వీనికి పాపిడికొండలని పేరు గలిగి, అదియే పాపికొండలైనదని పెద్దలందురు. ఆ యుపమానమును మొదట జెప్పినది ఆడుదియే యై యుండునని మేము నవ్వుకొంటిమి.

పేరంటపల్లిలో దిగి, కొండనుండి జాలువారు సెలయేటి నీటిలో కాళ్లు కడుగుకొని, శివాలయమున దర్శనము చేసికొంటిమి. అచ్చటి కొండరెడ్ల స్త్రీలు వెదురుతో నల్లిన పూలబుట్టలు అమ్ముచుండగా తలకొకటి కొంటిమి. ఆ రాత్రి కొల్లూరు ఇసుకతిన్నెమీద వెదురుకుటీరములలో విడిదిచేసితిమి. నదిమీద వెన్నెల యెట్లుండునో పుస్తకములలో జదివితినే కాని, అంతకుముందు కన్నులార జూచి యెఱుగను. పెండ్లియైన పిదప వంట, వడ్డన లేని రాత్రి నాకదియే మొదటిది.

ఇంతవఱకు సంతోషమే. ఇక సిగ్గుపడవలసిన మాట. లాంచీలో ఎఱ్ఱని లైఫు జాకెట్లు కుప్పగా బడియుండెను. మాలో నొక్కరును వానిని దొడుగుకొనలేదు. నేనైతే వానిలో రెండింటిని మడిచి, అప్పటికి మూడేండ్లదైన మా చిన్నదానికి తలగడగా బెట్టి నిద్రపుచ్చితిని. “ఎంత తెలివిగా అమర్చితివి!” అని తోడివారు మెచ్చుకొనిరి. నేనును మురిసితిని.

తరువాతి యేడు 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారమున, విజయవాడకడ కృష్ణానదిలో పవిత్రసంగమమునకు బోవుచుండిన పడవ తిరుగబడి యిరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు ఒంగోలునుండి కుటుంబములతో వచ్చిన యొక నడకసంఘమువారు, మావంటి సంఘమే. 2018 మే 15న మంటూరుకడ గోదావరిలో లాంచీ మునిగెను. గాలివాన జల్లు లోనికి రాకుండ తలుపులు, కిటికీలు మూసికొనుటచే లోపలివారు బయటపడలేక పోయిరి. 2019 సెప్టెంబరు 15, ఆదివారమున, మేము విహరించిన త్రోవలోనే, కచ్చులూరు మలుపుకడ, 77 మందితో బోవు పడవ మునిగెను. ఒడ్డుగ్రామమువారు చిన్నపడవలలో బరుగునవచ్చి 26 మందిని గట్టెక్కించిరి. మునిగిన పడవను 38వ దినమునగాని పైకి దీయలేకపోయిరి. బ్రదికినవారిలో పలువురు జాకెట్లు తొడుగుకొన్నవారే యని వార్తలలో జదివినపుడు, నేను తలగడగా మడిచిన ఆ రెండు జాకెట్లు కన్నులయెదుట మెదలెను. ఆ రాత్రి నిద్రించుచున్న బిడ్డను పలుమాఱులు తడవి చూచుకొంటిని.

నది యేల యట్లు చేయును? ఆ దినమున గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైబడిన ప్రవాహ ముండెను. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28 లీటర్లు, మన రెండు బిందెల నీరు. సెకనునకు పదిలక్షల బిందెల నీరు, రాజమహేంద్రవరముకడ మైలు దాటిన వెడల్పున బాఱునది, కొండలనడుమ ఇఱుకుదారిన దూరవలసివచ్చినపుడు లోతుగను, వడిగను పోకతప్పదు. మలుపులో రాళ్లకు దాకి వెనుదిరిగిన నీరే సుడిగుండ మగును. పడవ తిరుగబడుటయు మనకు దెలియని విద్య కాదు. చంకనున్న బిందె నిండుగా నుండి, మనము నిదానముగా నడచినచో తొణకదు. ఒకవైపునకు వంగినచో ఒలుకును. మేడమీది జనమందఱును ఫోటోకై ఒక్కప్రక్కకు బరుగెత్తినచో పడవయు నట్లే యొరగును.

“అంతయు దైవాధీనము, గంగమ్మతల్లి దయ” అని మా యింటిలో పెద్ద లనిరి. ఔను. అయితే వాల్మీకి అయోధ్యాకాండమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. సీతాదేవి నడిగంగలో నావపైనుండి చేతులు జోడించి, క్షేమముగా దిరిగివచ్చితిమేని పూజలు సలుపుదునని మ్రొక్కుకొన్నది. కాని యామె నావ యెక్కక మునుపే గుహుడు గట్టినావను, మంచి తెడ్లను, నేర్పరియైన కర్ణధారుని సిద్ధపఱచినాడు. ముందు గుహుని జాగ్రత్త, పిదప సీతమ్మ మ్రొక్కు. మనము మ్రొక్కును మాత్రము నిలుపుకొని జాగ్రత్తను మఱచితిమి.

గడచిన మార్గశిరమున సంఘమువారు మఱల పాపికొండలనగా, రానని మొదట పట్టుపట్టితిని. పిదప, భయపడి యింట గూర్చుండుట కంటె తెలిసి వెళ్లుట మేలని తోచెను. పోలవరపు కట్టడముచే నిప్పుడు దిగువరేవులనుండి పడవత్రోవ లేదు; రాజమహేంద్రవరమునుండి బస్సులో గండిపోచమ్మ యొద్దకు జేరి అచ్చట నెక్కవలయును. 2019 దుర్ఘటన పిమ్మట, 2020లో, ప్రభుత్వమువారు అచ్చట నియంత్రణకేంద్రము నెలకొల్పిరి. అచ్చట మా పేరులు వ్రాసికొని, లెక్కచూచి, జాకెట్లిచ్చి పంపిరి. నాడు దీపములతో గళకళలాడిన దేవీపట్నము మొదలగు గ్రామములవారు, నీరు పైకెక్కుటచే ఊళ్లు విడిచిపోయిరి. పడవపైనుండి ఆ గోడలను జూచినపుడు పిల్లలుకూడ మాటలాడలేదు.

బయలుదేరి గంట గడువకమునుపే ఉక్కగా నున్నదని ఒకరొకరే జాకెట్లు విప్పుచుండిరి. మా చిన్నదియు విప్పబోగా నేను చేయిపట్టి యాపితిని. మావారు మెల్లగా, “అందఱును తీసివేసిరి. మన మొక్కరమే వేసికొన్న నవ్వుదురు కదా!” అనిరి. “నవ్వనిండు. నాడొకమాఱు మెచ్చుకొనిరి; ఆ మెప్పు చాలును నాకు” అంటిని. వారికి నా మాట యర్థమైనది; మాఱుపలుకక తమ జాకెట్టు తిరిగి తొడుగుకొనిరి. ఎదుట గూర్చున్న ప్రధానోపాధ్యాయులవారి భార్య, మా అందఱికిని పెద్దక్కయ్యవంటివారు, ఆ మాట వినిరి. “అమ్మాయీ, ఈ బొత్తాము నాకు పట్టుటలేదు, కొంచెము బిగింపుము” అని నావైపు దిరిగిరి. అటుపైని కచ్చులూరు మలుపు చేరులోపల స్త్రీలందఱును, వారి వెనుక పురుషులును, జాకెట్లు తొడుగుకొనిరి. ఆ మలుపుకడ సరంగు పాటల పెట్టెను కట్టించెను. అక్కయ్యగారు జడలోని చేమంతిని దీసి నీటిలో విడిచిరి.

నీటిపై బోవు సోదరీమణులు నాలుగు విషయములు గమనింపవలయును. పడవకు అనుమతించిన సంఖ్య యెంత, ఎక్కినవారెందఱు అని అడుగుడు. అడుగుట అమర్యాద కాదు. కొంగును నడుమున బిగియదోపి, దానిపైని జాకెట్టు తొడుగుకొని కట్లన్నియు బిగింపుడు. పెద్దల జాకెట్టు పిల్లలకు వేసినచో నీటిలో అది పైకిలేచి బిడ్డ జాఱిపోవును. కావున పిల్లల కొలతదే కోరుడు, లేనిచో ఎక్కకుడు. మూసిన గదిలో గూర్చుండక, ద్వారమెచ్చటనో చూచుకొని, గాలివాన వచ్చినను దానిని మూయనీయకుడు. చీర తడిసిన ఆఱును. వఱదదినములలో ఎవరెంత పిలిచినను పోవలదు. ఆడపిల్లలకు ఈత నేర్పుట వీనియన్నింటికంటె మేలు. మా చిన్నదానిని ఈ వేసవిలో ఈతకు బంపుచున్నాము.

తిరుగుదారిలో సూర్యుడు కొండలవెనుకకు జాఱెను. మా చిన్నది ఆ జాకెట్టుతోనే నా యొడిలో తలపెట్టుకొని నిద్రించినది. ఈమాఱు దానికి తలగడ నా యొడియే. నేనును, ఏడ్ల తరువాత మొదటిమాఱు, గోదావరిని నిశ్చింతగా జూచితిని.