పునర్విమర్శ

'పునః' అనగా మరల. 'విమర్శ' అనగా బాగుగా ఆలోచించి పరిశీలించుట. ఈ రెండును కలిసినపుడు విసర్గము రేఫగా మారి 'పునర్విమర్శ' యైనది. పునర్జన్మ, పునర్నిర్మాణము అను పదములును ఇట్లేర్పడినవే. చరిత్ర విషయమున ఈ పదమునకు, పెద్దలు అంగీకరించిన యొక నిర్ణయమును కొత్త ఆధారములు దొరకినపుడు మరల పరీక్షించి, అవసరమైనచో సవరించుట యని అర్థము. జరిగిపోయినదానిని మార్చుట ఎవరి తరమును గాదు. దానిని గూర్చి మనకు గల తెలివి మాత్రము సవరింపదగినది.

అశోకుని కథయే ఇందుకు చక్కని నిదర్శనము. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అను పండితుడు ఢిల్లీ మొదలగు చోట్ల స్తంభములపై నున్న బ్రాహ్మీలిపిని చదువగలిగెను. వానిలో రాజు పేరు 'దేవానాంపియ పియదసి' అని యుండెను. దేవానాంపియ బిరుదము గల రాజొకడు సింహళమున నుండుటచే, శాసనములు వానివే యని ప్రిన్సెప్ మొదట తలచెను. ఆ సంవత్సరముననే సింహళమున ఉద్యోగియైన జార్జి టర్నర్ 'దీపవంశము' అను పాలీ గ్రంథమును పరిశీలించి, ప్రియదర్శి యనగా చంద్రగుప్తుని మనుమడైన అశోకుడే యని చూపెను. ప్రిన్సెప్ తన అభిప్రాయమును సవరించుకొనెను. పిమ్మట 1915లో నాటి హైదరాబాదు రాజ్యములోని మస్కియందు అశోకుని పేరే చెక్కియున్న శాసనము బయల్పడి, ఆ నిర్ణయమును స్థిరపరచెను. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై ధర్మము బోధించిన రాజెవరో నేడు మనమెరుగుట ఈ పునర్విమర్శ ఫలమే.

అయితే మంచి పదమును మారుపేరుగా ధరించు అసత్యమును గలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలోని నాజీలు దాదాపు 60 లక్షలమంది యూదులను చంపిరి. ప్రభుత్వ పత్రములు, బ్రదికి బయటపడినవారి మాటలు, నేరస్థుల ఒప్పుకోళ్లు ఇందుకు సాక్ష్యములు. అయినను అట్టిది జరుగనేలేదని వాదించిన కొందరు, తాము చరిత్రను పునర్విమర్శించుచున్నామని చెప్పుకొనిరి. ఇది పునర్విమర్శ గాదు, వక్రీకరణము. చనిపోయినవారికి జరిగిన రెండవ అన్యాయము.

ఈ రెంటికిని భేదమెట్లు తెలియును? టర్నర్ కొత్త ఆధారమును చూపెను. పాత శాసనములలో నొక్క అక్షరమునైనను దాచలేదు. వక్రీకరించువాడు తనకు నచ్చని సాక్ష్యమును దాచును, లేదా త్రోసివేయును. కావున చరిత్రను గూర్చి కొత్తమాట విన్నపుడు, 'దీనికి ఆధారమేమి? పాత ఆధారములకు సమాధానమేమి?' అని అడుగవలెను. సమాధానము లేనిచో, అది మన మనస్సునకు ఎంత ఇంపైనను అంగీకరింపరాదు. సమాధానమున్నచో, అది మనకు రుచింపకపోయినను దానిని వక్రీకరణమని నిందింపరాదు.