ఏనుగులున్నాయి, గుర్రాల్లేవు

వీడియో గేమ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే బొమ్మల సంగతి నేను చివర్లో చెబుతాను. అది మన చేత ఏం చేయిస్తుందన్నదే నాకు ముఖ్యం. సినిమాలో కోటని చూసి మెచ్చుకుంటే సరిపోతుంది. ఆటలో అయితే ఆ కోటకి రాయి ఎక్కణ్నుంచి తేవాలో, కట్టేవాళ్లకి తిండి ఎలా సర్దాలో మనమే చూసుకోవాలి. బ్యాంకులో పద్దులు చూసి రిటైరైనదాన్ని, నాకు ఆ లెక్కల్లోనే సరదా.

మావాడు హైదరాబాద్ వెళ్తూ చెన్నై పెరంబూరు ఇంట్లో వదిలేసిన కంప్యూటరు, రిచీ స్ట్రీట్‌లో బేరమాడి కొన్న కంట్రోలరు, ఇంతే నా సరంజామా. ఈమధ్య పనిగట్టుకుని మన దేశం, అందులోనూ దక్షిణాది కనిపించే ఆటలే ఆడుతున్నాను.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 సంగతి బ్రౌజింగ్ సెంటర్లలో పెరిగిన కుర్రాళ్లకి చెప్పక్కర్లేదు. 1999లో వచ్చింది. ఊరు కట్టాలి, పొలం దున్నించాలి, కట్టెలు కొట్టించాలి, ఆ రాబడితో సైన్యాన్ని పెంచి పక్కవాడి మీద పడాలి. మనవాళ్లు ఇందులోకి 2013లో వచ్చారు, అదీ ‘ఇండియన్స్’ అంటూ దేశమంతా ఒకే మూటగా. వాళ్ల ముఖ్యబలం ఏమిటనుకున్నారు? ఒంటెలు. కావేరి ఒడ్డు రాజైనా సరే ఒంటెల దండు వేసుకుని బయల్దేరాల్సిందే! 2022లో ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ వచ్చాక ఆ మూట విప్పి ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు అని వేరుచేశారు. ద్రావిడుల తరఫున మనం నడిపేది రాజేంద్ర చోళుడి కథ. ఆయన మనకేం పరాయివాడు కాడు. ఆయన కూతురు అమ్మంగదేవిని చేసుకున్న రాజరాజనరేంద్రుడే రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం రాయించింది.

ఆటలో ద్రావిడులకి నీళ్ల మీద పట్టు ఎక్కువ. వీళ్ల బెస్తలు మిగతా దేశాలవాళ్లకంటే ఎక్కువ చేపలు మోసుకొస్తారు. ఏనుగులున్నాయి. కవచాలు తొడిగిన భారీ గుర్రపు దళం మాత్రం లేదు. పాండ్యుల రాజ్యంలో ఏటా వేల గుర్రాలని ఓడల మీద తెప్పించుకుంటారనీ, సాకడం తెలియక చాలామటుకు చచ్చిపోతాయనీ మార్కో పోలో ఎప్పుడో రాశాడు. అది చదివినప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. శత్రువు గుర్రాల మీద వచ్చి నా రైతుల్ని నరికేసి పోతుంటే, నా కాలిబంట్లు వాళ్ల వెనక పరిగెత్తలేక చతికిలబడినప్పుడు బుర్రకెక్కింది. అలాగే ‘వూట్జ్ స్టీల్’ అని ఒక విద్య ఉంది, అది నేర్చిన సైన్యం కత్తికి ఎదుటివాడి కవచం అడ్డురాదు. తెలంగాణలోని కోనసముద్రానికి పర్షియా వర్తకులు ఈ ఉక్కు కోసమే వచ్చేవాళ్లు. ఆట తయారుచేసినవాళ్లు బాగానే చదువుకున్నారు. కాకతీయులకి విడిగా ఒక కథ పెట్టలేదన్న కోపం మాత్రం నాకుంది.

2017లో వచ్చిన ‘అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ’ సరిగ్గా దీనికి ఎదురు. కళ్లకి పండగే. క్లోయీ అనే అమ్మాయి పడమటి కనుమల్లో జీపు తోలుకుంటూ హొయసలుల నిధి వెతుకుతుంది. వాన, బురద, జలపాతాలు, కొండంత విగ్రహాలు. అయితే అందులో గుడి అంటే తాళం వేసిన తలుపు, అంతే. చక్రం తిప్పితే తెరుచుకుంటుంది, కాసేపటికి కూలిపోతుంది. అసలు హొయసలుల హళేబీడుకి వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడి గొప్పంతా కంటికి దగ్గరగా, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉంటుంది. ఆగి, వంగి, ఒక్కో బొమ్మా చూడాలి. ఈ ఆటలో ఆగితే తుపాకీ గుళ్లు.

పుణెలోని నాడింగ్ హెడ్స్ సంస్థ 2020లో తెచ్చిన ‘రాజీ’ కథ బాగుంది. సర్కసు పిల్ల రాజీ, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ పోతుంది. కథని నీడబొమ్మలతో చెబుతుంటే నాకు నిమ్మలకుంట తోలుబొమ్మలే గుర్తొచ్చాయి. యుద్ధాలు కాసేపటికి విసుగు. ముగింపు మరీ అర్ధాంతరం.

ఇక ‘వెణ్బా’. టొరంటోలోని విసై గేమ్స్ 2023లో తెచ్చింది, మరుసటి ఏడు తొలి ఆటల విభాగంలో బాఫ్టా బహుమతి కొట్టింది. 1980లలో తమిళనాడు నుంచి కెనడా వెళ్లిన దంపతులు, అక్కడ పెరిగే వాళ్ల కొడుకు కవిన్. యుద్ధం లేదు, పందెం లేదు. ఆ ఇల్లాలికి వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో పేజీలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మనం ఊహించి వండాలి. రేడియోలో పాత తమిళ సినిమా బాణీల్ని గుర్తుచేసే పాటలు వస్తుంటాయి. కొడుక్కి అర్థంకాని తమిళం తెర మీద మసకబారుతుంది. మా వీధిలోనే చాలా తెలుగిళ్లలో ఆ మసక నేను రోజూ చూస్తున్నాను. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, మనవడు ఇంగ్లీషులో తప్పించుకుంటాడు.

మొదటి వంట ఇడ్లీ. ఆవిరి ఎటు పోతుందో తెలిసినదాన్ని కాబట్టి చటుక్కున గట్టెక్కాను. తర్వాతది పుట్టు. మాది గూడూరు వైపు, మా ఇంట్లో పుట్టు చెయ్యడం ఎరగం. పక్క ఫ్లాటులో ఉండే నాగర్‌కోయిల్ ఆవిడ గేమ్ అన్నది ఎన్నడూ ముట్టుకోని మనిషి. కాఫీపొడికని వచ్చి, తెర చూసి నిలబడిపోయింది. “ఏంటక్కా, అడుగున చిల్లుల బిళ్ల వేయకుండా పిండి పోస్తే నిలుస్తుందా? కొబ్బరి ఏదీ?” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. కంట్రోలరు నా చేతిలో, వంట ఆవిడ నోట్లో. వండే చేతికి తెలిసిన వరసని ఆటలో చిక్కుముడిగా పెట్టారు చూడండి, ఈ మధ్య ఆడినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

లోటు ఒక్కటే, గంటా గంటన్నరలో అయిపోతుంది. ఆ ధరకి అంతేనా అని మావాడు ఫోన్లో గునిశాడు. మా ఇద్దరికీ మాత్రం చేపల కూర దగ్గరే సాయంత్రమంతా గడిచిపోయింది. కొబ్బరి నూరి పోయకుండా చేపల కూరేంటని ఆవిడ, పుల్లమామిడి ముక్క పడకపోతే పులుసేంటని నేను.