ఎండ మెండైన సీమలో ఎండకు కరవు

వానకు మొగము వాచిన సీమ యని మన ప్రాంతమును గూర్చి దేశమెల్ల నెఱుగును. ఎండకు మొగము వాచిన సీమ యని ఎవరైన నన్నచో మనము నవ్వుదుము. హిందూపురమున రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు పోవువానికి ఇరువైపుల కానవచ్చునది ఎఱ్ఱమట్టి, బండరాళ్లు, వేరుసెనగచేలు, వానిపై నిప్పులు చెఱగు ఆకాశము. అట్టి చోట సూర్యరశ్మికి లోటేమి? అయినను వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్న మాట ఆ నవ్వును ఆపదగినది. ఎండ మెండుగా నున్న దేశముననే, ఎండవలన దేహమునకు అందవలసిన సారము కొఱవడుచున్నది. ఆ కొఱత ఎముకలతో ఆగక, దేహమును కాపాడు సైన్యముయొక్క క్రమశిక్షణను సైతము సడలించునని తోచుచున్నది.

ఆ సారమునకే విటమిన్ డి యని పేరు. సూర్యకిరణములలోని అతినీలలోహిత భాగము చర్మముపై సోకినప్పుడు అందలి క్రొవ్వుజాతి పదార్థ మొకటి మార్పుచెంది విటమి న్నగుచున్నది. అది కాలేయమున ఒక మార్పును, మూత్రపిండములలో మఱియొక మార్పును పొంది, తుదకు దేహకణములకు ఆజ్ఞలిచ్చు ద్రవ్యముగా పనిచేయును. కావున దీనిని ఆహారపదార్థ మనుటకంటె దేహము తాను వండుకొను ఔషధ మనుట ఉచితము. చీకటికొంపలలో పెరుగు బిడ్డల ఎముకలు వంగిపోవు రికెట్సు వ్యాధికి ఇది విఱుగుడని 1920 ప్రాంతమున తేలినది. స్టెరాలు లనబడు పదార్థములకును విటమిన్లకును గల సంబంధమును శోధించిన జర్మను పండితుడు విండౌసునకు 1928లో నోబెలు బహుమాన మిచ్చిరి. తరువాత అరువదేండ్లవరకు ఇది ఎముకల సంగతియే యని లోకము తలచినది.

ఇప్పటి విశేషమును గ్రహించుటకు మన పెనుకొండ కోటయే దృష్టాంతము. 1565లో విజయనగరము పాడైన పిమ్మట రాయల సింహాసనము ఆ కోటకే తరలివచ్చినది. కోటకు గోడ లెంత ముఖ్యమో, వచ్చువాడు పగవాడో మనవాడో గుర్తెఱిగిన కావలివాండ్రు అంత ముఖ్యము. కావలివాడు నిద్రించిన శత్రువు చొచ్చును. వానికి మతి చెడినచో కోటలోని గృహస్థులనే నఱకును. మన దేహకోటకు అట్టి కావలివాండ్రు తెల్లరక్తకణములు. వానిలో టీ కణములనునవి ఱొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొంది, తన పర భేదము నేర్చుకొని వచ్చును. ఆ భేదము మఱచినవి తమ దేహమునే పగగొన్నప్పుడు కలుగువానిని స్వయంప్రతిరక్షక వ్యాధు లందురు. వ్రేళ్ల కీళ్లు వాచి వంకరపోవు కీళ్లవాతము, బాల్యముననే వచ్చి జీవితాంతము ఇన్సులిను సూది పొడిపించు మధుమేహము, లూపస్, బొల్లి, నరములపై తొడుగు చెడిపోవు మల్టిపుల్ స్క్లిరోసిస్, ఇవన్నియు ఆ వంశమునకు చెందినవే. ఇది బయటి దండయాత్ర కాదు, అంతఃకలహము.

ఈ కలహమునకును సూర్యరశ్మికిని సంబంధ మేమి? విటమిన్ డి ఆజ్ఞను అందుకొను గ్రాహకము టీ కణములలో గలదని 1983లో కనుగొనిరి. విశ్రాంతిలో నున్న కణమున అది మిక్కిలి తక్కువ. కణము పోరునకు లేచినప్పుడు హెచ్చును. ఎముకలతో ప్రసక్తిలేని కణమునకు ఈ గ్రాహక మేలయను ప్రశ్న అప్పుడు పుట్టినది. 1996లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మార్గరిటా కాంటోర్నా అను విదుషీమణి, డిలూకా ప్రభృతులతో కలిసి, మల్టిపుల్ స్క్లిరోసిస్‌ను పోలిన వ్యాధిని ఎలుకలకు కల్పించి, విటమిన్ డి యొక్క చివరి రూపమును వానికి ఇచ్చి చూచెను. వ్యాధి ముందుకు సాగక నిలిచినది. మందు మానగనే మరల తలయెత్తినది. పిదప ఆమె పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున ప్రేవుల వాపుపై ఈ పరిశోధననే సాగించెను. తాపమును రగిలించు టీ కణముల ఉద్రేకము ఈ ద్రవ్యముచే తగ్గుననియు, తోడి కణములను శాంతింపజేయు నియామక కణములకు బలము చేకూరుననియు పలు ప్రయోగశాలలలో కనబడినది. ఆ నియామక కణములను 1995లో వెల్లడించిన జపాను పండితుడు సకగుచి, తత్సంబంధమైన జన్యువును కనుగొనిన బ్రంకో, రామ్స్‌డెల్ అనువారితో కూడ 2025లో నోబెలు బహుమానము పొందుట పాఠకులు చదివియే యుందురు.

అయితే విటమిన్ డి కావలివానికి సంకెల మాత్రమే యనుకొనరాదు. 2010లో కోపెన్‌హేగెన్ పరిశోధకులు చూపినదేమన, ఎన్నడును పోరెఱుగని టీ కణము మొదటిసారి లేవవలెనన్నను విటమిన్ డి తోడు కావలెను. అనగా ఒకే ద్రవ్యము మేలుకొలుపును ఇచ్చును, హద్దును చూపును. మంచి దళవాయి లక్షణ మిదియే.

ఎలుకలయందు నిజమైనది మనుష్యులయందు నిజమా? దీనికి చెప్పదగిన సమాధానము అమెరికాలో 25,871 మందిపై జరిగిన పరీక్షవలన 2022లో వచ్చినది. వారు ఏబదియేండ్లు నిండిన పురుషులు, ఏబదియైదు నిండిన స్త్రీలు. సగముమందికి దినమునకు 2,000 యూనిట్ల విటమిన్ డి, తక్కినవారికి ఉత్తుత్తి మాత్రలు, ఇట్లు అయిదేండ్లకు పైగా ఇచ్చిరి. విటమిన్ పుచ్చుకొన్నవారిలో 123 మందికి, పుచ్చుకొననివారిలో 155 మందికి స్వయంప్రతిరక్షక వ్యాధులు పొడసూపినవి. నూటికి 22 వంతులు తగ్గినవని లెక్క. ఈ సంఖ్యను చూచి పొంగిపోవువారు రెండవ సంఖ్యను కూడ చూడవలెను: పండ్రెండువేలకు పైబడిన చెఱియొక పక్షమున తేడా 32 మంది. అంతియకాక, మాత్రలు మానిన రెండేండ్లలో ఆ రక్షణ సడలిపోయినదని 2024లో తేలినది. ఇందలి పాఠము స్పష్టము. ఇది ఒకనాడు మ్రింగి మఱచు మందు కాదు; నిత్యము ఉండవలసిన సమృద్ధి. వచ్చిన రోగమును కుదుర్చు శక్తి దీనికి గలదని ఆ పరీక్ష చెప్పలేదు; రాకుండ కొంత కాపాడునని మాత్రమే చెప్పినది.

మన సంగతి యేమి? తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థయందు డాక్టరు హరినారాయణ్ బృందము ఆరోగ్యవంతులైన జనులను పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించెను. మిల్లీలీటరు రక్తమున 20 నానోగ్రాములకంటె తక్కువ విటమిన్ గలవారు పల్లెటి పురుషులలో నూటికి 44 మంది, పల్లెటి స్త్రీలలో 70 మంది. పట్టణపు పురుషులలో 62 మంది, స్త్రీలలో 75 మంది. తిరుపతి అక్షాంశము ఇంచుమించు మన హిందూపురపు అక్షాంశమే. అక్కడి సూర్యుడే ఇక్కడి సూర్యుడు. లోపము ఆకాశమున లేదు. మన పనిపాటలలో, వాసములలో నున్నది.

ధర్మవరమున పట్టుచీరె నేయు నేతగాడు తెల్లవారినది మొదలు దీపము పెట్టువరకు గుంటమగ్గమున కాళ్లుంచి నీడలోనే యుండును. కండెలు చుట్టు ఇల్లాలికి వీథి వెలుగే తక్కువ. హిందూపురమున మిల్లులలోను దుకాణములలోను పొద్దుపుచ్చువారును, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియొద్ద 2019లో వెలసిన మోటారుకార్ల కర్మాగారమున వంతులవారీగా పనిచేయు యువకులును కప్పు క్రిందివారే. చేనిలో కలుపుతీయు కూలియాలికి ఎండ గలదు గాని, ఆమె మేనిలో ఎండసోకు భాగము కొలదియే. కలవారి ఇంట గాజుకిటికీలో వచ్చు ఎండ వెలుగునిచ్చునే కాని విటమిన్ నీయదు. గాజు ఆ కిరణములను ఆపివేయును. తిన్న తిండిచే ఈ కొఱత తీఱదు. చేపనూనె, గ్రుడ్డుసొన తప్ప దీనిని గల ఆహారము లరుదు. రాగిసంగటి సున్నపుసారమునకు ప్రసిద్ధమే కాని అందు విటమిన్ డి లేదు. 2018 నియమముల ననుసరించి విటమిన్ చేర్చిన పాలు, నూనె అంగళ్లలో దొరకుచున్నవి. అవి కొంత ఆదుకొనును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. రథసప్తమినాడు జిల్లేడాకులు తలనుంచి స్నానమాడి సూర్యుని కొలుచు జాతి మనది. మయూరకవి సూర్యశతకము రచించి కుష్ఠువునుండి విముక్తుడయ్యెనను ఐతిహ్యము పండితు లెఱిగినదే. అందుచే ఉదయభానుని లేయెండయే సర్వారోగ్యకర మని మనము నమ్మియున్నాము. మనసునకు అది హితమే. కాని ఏటవాలుగా వచ్చు ఆ కిరణములలో విటమిన్ పుట్టించు భాగమును వాయుమండలమే హరించును. తిరుపతి పరిశోధకులు పరీక్షించి చూడగా, పగలు పదునొకండు మొదలు రెండుగంటలవరకు గల ఎండయే ఫలవంత మని తేలినది. చామనచాయ, నల్లనిచాయ గల మేనికి మఱికొంతసేపు పట్టును. నడివేసవిలో వడదెబ్బను మఱువరాదు. లూపస్ గలవారికి ఎండయే శత్రువు, వారు వైద్యుని అడుగక ఎండలో నిలువరాదు.

మఱియొక భ్రమ మందులదుకాణమునందున్నది. ఒళ్లునొప్పులకెల్ల ఆఱులక్షల యూనిట్ల సూది పొడిపించుకొనుట పలుచోట్ల వాడుకయైనది. అవసరమున్నచోట అది వైద్యుని ఆయుధమే; అడుగక మరలమరల పొడిపించుకొన్నచో రక్తమున సున్నము పేరుకొని మూత్రపిండములు చెడును. అంతకంటె ఘోరము, కీళ్లవాతము సోకినవారు విటమిన్ మాత్రలను నమ్మి, అసలు మందులు మాని, కాలము గడపుట. ఆ వ్యాధి తొలిమాసములలో పట్టుపడినచో చేతులు నిలుచును. ఆలస్యమైనచో వ్రేళ్లు వంకరపోవును. వ్రేళ్లే జీవనాధారమైన నేతగానికి అది మగ్గమును పోగొట్టుకొనుటయే.

కావున చేయవలసినవి మూడు. నేతయిండ్లవారు, కర్మాగారముల యజమానులు, బడుల పెద్దలు మధ్యాహ్నపు విరామమున ఇరువదినిమిషములు చేతులు కాళ్లు ఎండసోకు ఏర్పాటు చేయవలెను; క్రొత్తగా ఇల్లు కట్టువారు ఆడువారికి మఱుగైన పెరడు మఱువరాదు. ఉదయము లేవగానే కీళ్లు బిగిసి, వాచి, వారముల తరబడి తగ్గనివారు ఆలసింపక వైద్యుని చూడవలెను. ప్రభుత్వము 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణముల ఆసుపత్రులలో కీళ్లవాతమును గుర్తించు రక్తపరీక్షలకు, నిపుణుని రాకకు నిర్ణీతదినముల నేర్పఱుపవలెను. వీనిలో మొదటిదానికి కాసు ఖర్చులేదు. వర్షమును మనము శాసింపలేము. ఎండ వాకిటనే నిలిచియున్నది. తలుపు తీయుట మాత్రము మన చేతిలో నున్నది.